అద్దాల తొట్టిలో గట్టు తగాదాలు

అలంకారం కోసం చేపలను పెంచేవారు సాధారణంగా గోల్డ్‌ఫిష్‌తో ఆరంభించి, కొంతకాలానికి సిక్లిడ్ల వైపు మొగ్గుతారు. వాటి రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి. మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరకు వస్తాయి. పిల్లలను కంటికి రెప్పలా కాచుకుంటాయి. ఇన్ని సుగుణాలు గల ఈ చేపకు ఉన్న దుర్గుణం ఒక్కటే: ఇరుగుపొరుగును సహించదు. ముచ్చటపడి తెచ్చి విడిచిన అరడజను చేపలలో ఒకటి మర్నాటికే చిరిగిన వాజాలతో పైమూలలో నక్కి ఉండటం, మూడోనాటికి చచ్చి తేలడం తొట్టెలు పెట్టుకున్న ఇళ్ళలో తరచుగా జరిగేదే.

సిక్లిడ్ మనకు బొత్తిగా పరాయిది కాదు. మన చెరువులలోని తిలాపియా ఆ కుటుంబానిదే. 2010లో కేరళ ప్రభుత్వం తన రాష్ట్ర మత్స్యంగా ప్రకటించిన కరిమీన్ కూడా సిక్లిడే. అది మన పులికాట్ సరస్సులోనూ ఉంది. అయితే దుకాణాలలో మెరిసే నీలి, పసుపు రంగుల చేపలలో చాలా భాగం ఆఫ్రికాలోని మలావీ సరస్సు సంతతి. సుమారు 580 కిలోమీటర్ల పొడవు, 700 మీటర్ల లోతు గల ఆ సరస్సు అంచుల రాళ్ళలో నివసించే సిక్లిడ్లను అక్కడివారు ఎంబునా అంటారు. రాతిచేప అని అర్థం. రాతి మీది నాచు వాటికి ఆహారం, రాతి సందు కోట. కోట చేజిక్కించుకున్న మగచేపకే ఆడచేపలు దక్కుతాయి. కనుక హద్దు తగాదా వాటికి వేడుక కాదు, వంశం నిలబెట్టుకునే ప్రయత్నం.

ఆ తగాదాకు ఒక మర్యాద ఉంది. ముందుగా వాజాలు విప్పి, ఒంటిని పక్కకు తిప్పి, ‘నేనెంతవాణ్ణో చూసుకో’ అన్నట్లు నిలుస్తాయి. తోకతో నీటిని ఎదుటిదానిపైకి కొడతాయి. అప్పటికీ తేలకపోతే నోటితో నోరు పట్టి పెనుగులాడతాయి. ఓడినది వాజాలు ముడిచి, రంగు వెలవెలబోయి, తప్పుకుంటుంది. సరస్సులో నాలుగు బారలు తప్పుకుంటే వివాదం సమసిపోతుంది. నాలుగడుగుల తొట్టిలో ఎక్కడికని తప్పుకుంటుంది? ఓటమిని అంగీకరించిన చేప ఇంకా కంటి ఎదుటే ఉండటంతో గెలిచినది దానిని సవాలుగానే భావించి, మళ్ళీ మళ్ళీ తరుముతుంది. చంపుతున్నది చేప క్రౌర్యం కాదు, నాలుగు అద్దాలు.

జంతుప్రవర్తన పరిశోధనలకు 1973 వైద్యశాస్త్ర నోబెల్ బహుమానాన్ని పంచుకున్న ఆస్ట్రియా దేశీయుడు కొన్రాడ్ లోరెంజ్ సిక్లిడ్లను శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన 1963లో జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథం పేరుకు ‘చెడు అనబడేది’ అని అర్థం. ఇంగ్లీషులో అది ‘ఆన్ అగ్రెషన్’ అయింది. (ఈ అగ్రెషన్‌కు దురాక్రమణ, కలహశీలత వంటి బరువైన మాటలున్నా, చేపకు మాత్రం ‘దూకుడు’ అన్న పల్లెమాటే అమరుతుంది.) అందులో ఒక చక్కని వృత్తాంతం ఉంది. ఇరుగుపొరుగు చేపలను తీసివేసి ఒక జంటను ఏకాంతంలో ఉంచితే, కోపం చూపడానికి మరెవరూ లేని మగచేప భార్యమీదనే పడుతుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. తొట్టి మధ్య అద్దం నిలిపి, అటొక జంటను, ఇటొక జంటను ఉంచితే మగవి రెండూ ఒకదానినొకటి బెదిరించుకుంటూ, ఇంట్లో మాత్రం సౌమ్యంగా ఉంటాయి. నాచు పట్టి అద్దం మసకబారితే ఇల్లాళ్ళకు కష్టకాలం. అద్దం తుడవగానే సంసారాలు చక్కబడతాయి!

ఇక ఉపాయాల మాట. అన్నిటికన్న మేలైనది విశాలమైన తొట్టి. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో మిడాస్ సిక్లిడ్లను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాలు, విశాలమైన, దాగుచోట్లు గల ఆవరణలో వాటి దూకుడు తగ్గుతుందని చూపాయి. రాళ్ళు, అడ్డంగా పడుకోబెట్టిన మట్టికుండలు, పూలకుండీలు ఒకదాని చూపు ఒకదానిపై పడకుండా అమర్చాలి. రాళ్ళను నేరుగా అడుగు అద్దం మీద నిలపాలి. ఇసుక మీద పేర్చితే చేపలు తవ్వి కూలుస్తాయి.

ఎంబునాల విషయంలో పెంపకందార్లు పాటించే చిత్రమైన పద్ధతి మరొకటి ఉంది: ఉద్దేశపూర్వకంగా తొట్టిని కిక్కిరిసేలా నింపడం. పండుగనాటి రైలుపెట్టెలో తువ్వాలు పరిచి సీటు ఆక్రమించడం ఎవరి తరమూ కానట్లే, అక్కడ ఏ మగచేపకూ జాగా కాపాడుకునే తీరిక ఉండదు. దెబ్బలు ఒక్కదానికే తగలక పదింటికి పంచబడతాయి. కాని ఈ పద్ధతికి శక్తిమంతమైన ఫిల్టరు, వారం వారం తప్పక నీటిమార్పిడి కావాలి. కరెంటు కొన్ని గంటలపాటు పోతే కిక్కిరిసిన తొట్టిలో ప్రాణవాయువు చాలదు. మిడాస్ వంటి మధ్య అమెరికా చేపలకు ఇది పనికిరాదు.

ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలుండటం మంచిది. ఒకే రంగు, ఒకే చారలు గల మగచేపలను కలపరాదు. తనను పోలినవానినే సిక్లిడ్ మొదట ఎంచుకుంటుంది. కొత్త చేపను విడిచే రోజున రాళ్ళ అమరికనంతా మార్చి, దీపం ఆర్పివేయాలి. పాత పట్టాలన్నీ రద్దయి, అందరూ కొత్త కాపురస్థులే అవుతారు. రౌడీ ఒకటి బయలుదేరితే, దానిని కొన్నాళ్ళు వేరే తొట్టిలో ఉంచాలి. తిరిగి వచ్చేసరికి దాని ఏలుబడి మరొకరి పాలవుతుంది.

ఏ ఉపాయానికీ లొంగని చేపలూ ఉంటాయి. వాటికి ఒంటరి తొట్టే గతి, లేదా దుకాణానికి తిరిగి ఇవ్వాలి. విసుగెత్తి చెరువులోనో కాలువలోనో విడవడం ఎంతమాత్రం తగదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా చెరువులు దాటి గోదావరి, కృష్ణలదాకా పాకింది.