పెదవి చుట్టూ గీతలు: సూది కంటే ముందు అడగాల్సిన మాటలు

సంక్రాంతి నాడు వీడియో కాల్‌లో మా చెల్లెలు అడిగింది, "ఏంటక్కా, అలా మూతి ముడుచుకున్నావు? బావగారితో గొడవా?" అని. గొడవా లేదు, నేను ముడుచుకోనూ లేదు. మామూలుగానే కూర్చున్నాను. కాల్ అయ్యాక అద్దంలో చూసుకుంటే పై పెదవి మీద నిలువుగా సన్నని గీతలు, చుట్టూ మీసకట్టులా నల్లటి నీడ. 48 ఏళ్ళు వచ్చాయి కదా అని సర్దిచెప్పుకున్నా మనసు ఊరుకోలేదు. మే నెలలో దాని కూతురి పెళ్ళి మరి!

ఇక్కడ డాలస్‌లో మా ఇంటి దగ్గరి మెడ్‌స్పాలో లేజర్‌కి కూపన్ ఉందంటే వెళ్ళాను. "ఒక్క సిట్టింగ్‌తో పోతాయి" అంది అక్కడి అమ్మాయి. నా ఒంటి రంగు గురించి గానీ, నేను రాసుకునే క్రీముల గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. ఎందుకో అనుమానం వచ్చి, ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ తర్వాత బోర్డ్ సర్టిఫికేషన్ ఉన్న చర్మ వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆవిడ మొదటి ప్రశ్నకే నాకు తల దించుకోవాల్సి వచ్చింది. "ముఖానికి ఏం రాస్తున్నారు?" రెండేళ్ళుగా నేను రాస్తున్నది ఇండియా నుంచి తెచ్చుకున్న ఫెయిర్‌నెస్ క్రీము. ట్యూబు చూపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. అది చర్మాన్ని పలచబరుస్తుంది, మానేస్తే మంట, ఎర్రదనం, మొటిమలు తిరగబడతాయి. దానికి తోడు మూడు వారాలకోసారి థ్రెడింగ్. మన చర్మానికి ఎక్కడ రాపిడి తగిలినా అక్కడ నలుపు మిగులుతుంది.

"గీతలు వేరు, నలుపు వేరు. రెండింటికీ ఒకే వైద్యం ఉండదు" అన్నారావిడ.

నలుపుకి కారణాలు చాలా ఉంటాయి. వాక్సింగ్, బ్లీచ్, పెదాలు నాకే అలవాటు, లిప్‌స్టిక్ లేదా టూత్‌పేస్ట్ పడకపోవడం. మెడ మీద, చంకల్లో కూడా మందంగా నల్లబడితే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. బలమైన లేజర్ వల్ల మనలాంటి రంగువాళ్ళకి ఉన్న నలుపు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. 1975లో హార్వర్డ్ వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టిన చర్మపు కొలతలో ఇప్పుడు 6 రకాలున్నాయి. మనలో చాలామంది 4, 5 రకాల్లోకి వస్తాం. అందుకే "నా రంగు వాళ్ళకి మీరు చేసిన ఫొటోలు చూపించండి" అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక గీతల సంగతి. బొటాక్స్ కండరాన్ని సడలిస్తుంది. దాని ప్రభావం 3, 4 నెలలుంటుంది. కనుబొమల మధ్య గీతలకి అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది గానీ, పెదవి చుట్టూ వాడటం డాక్టరు విచక్షణ మీద జరిగేదే. మోతాదు ఎక్కువైతే స్ట్రాతో తాగడం, కొన్ని అక్షరాలు పలకడం కష్టమవుతుంది. నేను శనివారాలు పిల్లలకి సంగీతం నేర్పుతాను. "ప, బ, మ" పలకలేని టీచరుని ఊహించుకుని వద్దనేశాను.

హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్లలో కొన్నింటికి 21 ఏళ్ళు దాటినవారి పెదవి గీతలకి అనుమతి ఉంది. నచ్చకపోతే హైలురోనిడేజ్ అనే మందుతో కరిగించవచ్చు. కానీ పొరపాటున రక్తనాళంలోకి వెళితే ప్రమాదం. చర్మం తెల్లబడినా, విపరీతంగా నొప్పి పుట్టినా, చూపు మసకబారినా క్షణం ఆగకూడదు. కరిగించే మందు అక్కడే సిద్ధంగా ఉందో లేదో ముందే అడగాలి.

పెదవి మీద అప్పుడప్పుడు నీటిపొక్కులు వచ్చేవాళ్ళు లేజర్‌కి ముందే ఆ మాట చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిని వాయిదా వేసుకోవడమే మంచిది. సెలవులకి ఇండియా వెళ్ళి, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు చేయించుకోవడం అస్సలు వద్దు. ఏదైనా తేడా వస్తే చేసిన డాక్టరు అందుబాటులో ఉండాలి కదా.

చివరికి నేనేం చేశానంటారా? డాక్టరు చెప్పినట్టు స్టెరాయిడ్ క్రీము మాన్పించుకున్నాను. మొదటి వారాల్లో ముఖం ఎర్రగా పొక్కులు పొక్కులుగా అయితే ఏడుపొచ్చింది. థ్రెడింగ్ ఆపాను. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రోజూ రాశాను. చర్మం కుదుటపడ్డాక, వారానికి రెండు రాత్రులు బఠాణీ గింజంత ట్రెటినోయిన్.

పెళ్ళినాటికి నలుపు చాలావరకు తగ్గింది. గీతలు ఉన్నాయి. ఫిల్లర్ సంగతి వచ్చే ఏడాది చూద్దామనుకున్నాను. మంగళహారతి నేనే పాడాను. ఫొటోలు చూసి మా చెల్లెలు, "కోపం తగ్గినట్టుందే అక్కా" అంది. నవ్వుతుంటే ఆ గీతలు ఇంకా బాగా కనిపించాయి. ఈసారి నేనేం లెక్కపెట్టలేదు.