షిన్రిన్ యోకు

జపాన్ మాట. అడవిలో స్నానం అని అర్థం, నీళ్లతో మాత్రం పనిలేదు. చెట్ల మధ్య తీరిగ్గా తిరగడం, ఆగి ఆకుల వాసన పీల్చడం, పిట్టల కూతలు వినడం, బెరడును తాకి చూడటం... ఇంతే. గమ్యం, వేగం, అడుగుల లెక్క ఏవీ ఉండవు.

ఇదేదో ప్రాచీన సంప్రదాయం అనుకునేవారు చాలామంది. నిజానికి 1982లో జపాన్ అటవీశాఖ అధిపతి తొమొహిదె అకియామా తెచ్చిన ప్రచార పదమిది. నగరాల్లో ఒత్తిడితో నలిగే జనాన్ని అడవులకు రప్పించడం ఉద్దేశం. నగానో ప్రాంతంలోని అకసావా అడవిలో దీనికి శ్రీకారం చుట్టారు. అక్కడి హినోకి వృక్షాల్లో మూడు వందల ఏళ్లు దాటినవి ఉన్నాయి.

శాస్త్రం తర్వాత వచ్చింది. చెట్లు గాలిలోకి వదిలే ఫైటాన్‌సైడ్లు అనే రసాయనాలకు రోగనిరోధక కణాల చురుకుతో సంబంధం ఉందని టోక్యో వైద్యుడు చింగ్ లీ బృందం చెబుతోంది. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారు కొద్దిమందే. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనం పెద్దది: వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తాము ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. అయితే ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటికి వెళ్తూ ఉండొచ్చు కదా!

హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ కంబాలకొండలోనో ప్రయత్నించవచ్చు, ఫోన్ జేబులోంచి తీయకుండా. దీన్ని నమ్ముకుని కుంగుబాటుకు డాక్టర్ రాసిన మందులు మాత్రం మానకండి.