పాఠ పరిశీలన – ఉపాధ్యాయుల ఉమ్మడి బాధ్యత

విద్యార్జన ప్రతి ముస్లింకు విధి అన్న సంగతి మనలో తెలియనివారు లేరు. కాని విద్య నేర్పే తీరు కూడా నేర్చుకోవలసిన ఒక విద్యే అన్న సంగతిని మనం తరచు విస్మరిస్తుంటాం. క్లిష్టమైన రోగం ఎదురైనప్పుడు వైద్యుడు తోటి వైద్యుణ్ణి సంప్రదిస్తాడు. చిక్కు దావా వచ్చినప్పుడు వకీలు మరో వకీలుతో చర్చిస్తాడు. ఉపాధ్యాయుడు మాత్రం తరగతిలో ఒంటరివాడు. ముప్ఫై ఏళ్ళు బోధించి పదవీ విరమణ చేసినా, ఆయన పాఠాన్ని తోటి ఉపాధ్యాయుడెవరూ మొదటినుండి చివరివరకు కూర్చుని చూసి ఉండకపోవచ్చు. అనుభవం నేర్పిన మెలకువలు ఆయనతోనే పోతాయి. పొరపాట్లు మాత్రం పిల్లల వెంట వెళతాయి.

ఈ లోటును తీర్చే మార్గమే ఉపాధ్యాయులు కలిసి పాఠాన్ని పరిశీలించడం.

పద్ధతి ఏమిటి?

జపాన్ దేశంలో దీనిని 'జుగ్యో కెంక్యూ' అంటారు. పాఠాన్ని పరిశోధించడం అని దాని అర్థం. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో, మేజీ యుగంలో, అక్కడి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలల్లో దీని బీజాలు పడ్డాయి. 1999లో స్టిగ్లర్, హీబర్ట్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక గ్రంథంలో దీనిని వివరించిన తరువాత ఇతర దేశాలవారి దృష్టి కూడా దీనిపై పడింది.

పద్ధతి సులభమైనదే. నలుగురైదుగురు ఉపాధ్యాయులు కలిసి పిల్లలకు కష్టంగా ఉన్న ఒక పాఠాన్ని ఎన్నుకుంటారు. ఏ ప్రశ్న అడగాలి, పిల్లలు ఏ సమాధానం చెప్పవచ్చు, ఎక్కడ పొరబడవచ్చు అని ముందే ఆలోచించి పాఠాన్ని ఉమ్మడిగా సిద్ధం చేస్తారు. ఒకరు బోధిస్తారు. మిగిలినవారు తరగతిలో కూర్చుని, బోధించేవారిని కాక పిల్లలను గమనిస్తారు. తరువాత అందరూ కలిసి చర్చించి, పాఠాన్ని సవరించి, వీలైతే మరో తరగతిలో మరొకరిచేత చెప్పిస్తారు. చివరికి తెలుసుకున్నదంతా రాసిపెడతారు.

పాఠం అందరూ కలిసి తయారుచేసినది కనుక, తప్పు దొరికితే అది అందరిదీ అవుతుంది, బోధించిన ఒక్కరిదే కాదు. ఈ పద్ధతి ప్రాణమంతా ఇందులోనే ఉన్నది.

మన సంప్రదాయంలో

ఇది మనకు పరాయి భావన కాదు. పరస్పర సంప్రదింపుతో పనులు నడుపుకోవడాన్ని విశ్వాసుల గుణంగా దివ్యఖుర్ఆన్ పేర్కొన్నది. ఒక సూరాకు 'అష్షూరా' అనే పేరే ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా (రహ్) (699–767) కూఫా నగరంలో ధర్మ సమస్యలను శిష్యుల ముందుంచి, ప్రతి ఒక్కరి వాదాన్నీ విని, సుదీర్ఘంగా చర్చించిన తరువాతనే నిర్ణయాన్ని రాయించేవారని చరిత్రకారులు చెబుతారు. అంతటి పండితుడు తన అభిప్రాయాన్ని శిష్యుల పరీక్షకు పెట్టడం చిన్నతనంగా భావించలేదు.

'హిదాయా' గ్రంథకర్త మర్గీనానీ (మరణం 1197) శిష్యుడైన జర్నూజీ, విద్యార్జన మర్యాదలపై రాసిన 'తాలీముల్ ముతఅల్లిమ్'లో పరస్పర పునశ్చరణ, చర్చ, ఒకరినొకరు ప్రశ్నించుకోవడం అవసరమని బోధించాడు. ఆ చర్చ కోపతాపాలు లేకుండా, న్యాయబుద్ధితో జరగాలని కూడా హెచ్చరించాడు. ఇమామ్ గజాలీ (రహ్) 'ఇహ్యా'లోని విద్యా ప్రకరణంలో, శిష్యుని గ్రహణశక్తికి మించినదాన్ని అతనిపై మోపకపోవడం గురువు విధులలో ఒకటిగా చెప్పారు. అయితే శిష్యునికి ఏది ఎంత అందిందో గురువుకు తెలిసేదెట్లా? బోధనలో మునిగి ఉన్న ఒక జత కళ్ళకు కనిపించనిది, పక్కన కూర్చున్న నాలుగు జతల కళ్ళకు కనిపిస్తుంది.

మన ప్రాంతంలో

ఇరుగుపొరుగు పాఠశాలలను ఒక సముదాయంగా కలపాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు అక్కడ కలుసుకుని బోధన గురించి మాట్లాడుకునేవారు. పిల్లలచేత పనులు చేయించి నేర్పడం, స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం ఆ పథకం సూత్రాలలోనివి. 1996లో రాష్ట్రంలో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం తొలి దశకు ఎంపికైన 5 జిల్లాలలో వరంగల్ ఒకటి. పాలంపేట అప్పుడు ఆ జిల్లాలోనిదే; 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది.

'స్థానిక పరిసరాలు' అన్న మాటకు పాలంపేటను మించిన ఉదాహరణ అరుదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, దాని సమీపాన చెరువు అక్కడ ఉన్నవి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1914లో ఏర్పడినప్పుడు దానికి తొలి అధిపతి అయిన గులాం యజ్దానీ, పాలంపేట దేవాలయాలపై 1922లోనే ఒక గ్రంథం వెలువరించారు. ఇస్లామీ శాసనాల నిపుణుడైన ఆ పండితుడు ఇతరుల ఆలయాన్ని అంత శ్రద్ధతో చూసి నమోదు చేయడం మనం గర్వించదగిన విషయం. ఓపికగా చూడడం, చూసినదాన్నే రాయడం అనే ఆ గుణమే తరగతిలో కూర్చున్న పరిశీలకునికీ కావాలి.

ఒక ఉదాహరణ

రామప్ప గోపురంలోని ఇటుకలు గుల్లగా ఉండి నీటిపై తేలుతాయి. ఈ సంగతితో 'సాంద్రత' పాఠం చెప్పాలని నలుగురు ఉపాధ్యాయులు అనుకున్నారనుకుందాం. గుడి రక్షిత కట్టడం కనుక ఇటుకను ముట్టరాదు. తొట్టిలో నీళ్ళు, మేకు, పెద్ద కట్టె మొద్దు చాలు. "తేలికైనవి తేలుతాయి, బరువైనవి మునుగుతాయి" అని పిల్లలు చెబుతారు. కాని మొద్దు మేకుకంటే ఎంతో బరువైనది, అయినా తేలింది! ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడి నిర్వచనం చెప్పేస్తే పిల్లలు దానిని రాసుకుంటారు, ఆలోచించడం మానుకుంటారు.

వెనుక కూర్చున్న పరిశీలకుడు మరో సంగతి గమనించవచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక బాలిక నోరు విప్పలేదు. ప్రయోగాన్ని ఆమె కన్నార్పకుండా చూస్తున్నది; పక్కనున్న పిల్లతో 'హల్కా', 'భారీ' అని గుసగుసలాడుతున్నది. ఆమెకు లేనిది తెలివి కాదు, 'సాంద్రత' అన్న మాట మాత్రమే. బోధించేవారి దృష్టికి ఆమె 'మంద విద్యార్థిని'. పక్కనున్నవారి దృష్టికి మాత్రం అసలు సంగతి తెలిసింది.

సవరించిన పాఠంలో ఒకే పరిమాణం గల కట్టె ముక్కను, రాతి ముక్కను తూకం వేయిస్తారు. అంతే పరిమాణం గల నీటి బరువునూ తూయిస్తారు. అంత నీటికంటే తక్కువ తూగినది తేలుతుందని, ఎక్కువ తూగినది మునుగుతుందని పిల్లలే గ్రహిస్తారు. తమకు తెలిసిన మాటల్లో చెప్పనిచ్చి, ఆ తరువాతనే శాస్త్ర పదం అందిస్తారు.

మక్తబులకూ వర్తిస్తుంది

మక్తబులో పిల్లలందరూ ఒకే గొంతుతో పాఠం వల్లిస్తుంటే వినడానికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ హోరులో పెదవులు మాత్రమే కదిపే పిల్లవాడు ఉస్తాద్ చెవికి అందడు. మరో ఉస్తాద్ పక్కన కూర్చుని ఒక్కొక్క పిల్లవాణ్ణీ గమనిస్తే, ఎవరు అక్షరాన్ని చూసి చదువుతున్నారో, ఎవరు పక్కవాని గొంతును అనుసరిస్తున్నారో తేలుతుంది.

అయితే మన పిల్లల్లో పూర్తిగా మదర్సాలలోనే చదివేవారు చాలా స్వల్పమని సచార్ కమిటీ 2006లో తేల్చింది. 6–14 ఏళ్ళ ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖమే చూడనివారో, మధ్యలో మానినవారో అని కూడా ఆ నివేదిక పేర్కొన్నది. పేదరికమే దీనికి పెద్ద కారణం కావచ్చు. కాని పాఠం అర్థంకాక, అర్థంకాలేదని చెప్పలేక బడికి దూరమైన పిల్లల విషయంలో బాధ్యత ఎవరిది?

అడ్డంకులు

మొదటి అడ్డంకి భయం. తరగతిలోకి మరొకరు వచ్చారంటే తనిఖీకే అని మన అనుభవం. కనుక పరిశీలకులు మార్కులు వేయరాదు, పైవారికి నివేదిక పంపరాదు. చర్చలో "మీరు తప్పు చెప్పారు" అనక "ఆ పిల్లవాడు ఇక్కడ ఆగిపోయాడు" అనాలి. రెండవది సమయం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది మరీ కష్టం; నెలకొకసారి జరిగే సముదాయ సమావేశంలో ఒక గంట దీనికే కేటాయించుకోవచ్చు. మూడవది మొక్కుబడితనం. సంతకాలు చేసి, టీ తాగి లేచిపోయే సమావేశం వల్ల ఏ పిల్లవానికీ మేలు జరగదు. నాలుగవది అహం, అన్నిటికన్నా కఠినమైనది ఇదే. "నాకు తెలుసు" అన్న గోడను కూల్చకుండా ఏ తలుపు తెరిచినా ప్రయోజనం లేదు.

విద్యార్థి గురువుకు అప్పగించబడిన అమానతు. ఆ అమానతు గురించి రేపు మనందరినీ ప్రశ్నించడం జరుగుతుంది. తోటి ఉపాధ్యాయుడు చూపించిన లోపాన్ని ఈ రోజే దిద్దుకోవడం దానికన్నా ఎంతో సులభం. మన జ్ఞానాన్ని పెంచమని అల్లాహ్‌ను వేడుకునే మనం, ఆ జ్ఞానం పక్క తరగతి ఉపాధ్యాయుని నోట వచ్చినా స్వీకరించే వినయాన్ని కూడా వేడుకుందాం.