బొటనవేలికి ఇంకో స్టిక్ కావాలా..? గేమ్ కన్సోల్‌కు తగిలించే యాడ్-ఆన్ కొనేముందు ఈ సంగతి తెలుసుకోండి

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్‌కు పక్కన తగిలించే అదనపు కంట్రోలర్లు చూడ్డానికి భలే ఉంటాయి. తగిలించగానే గేమ్ తిరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అయితే అది పనిచేస్తుందా లేదా అన్నది ఆ పరికరం కంటే ఎక్కువగా మీరు ఆడే గేమ్ మీదే ఆధారపడి ఉంటుంది. నింటెండో 3డీఎస్ కోసం వచ్చిన 'సర్కిల్ ప్యాడ్ ప్రో'ను చూస్తే ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది.

అసలు సమస్య ఏంటంటే..

2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 3డీఎస్ అమ్మకాలు మొదలయ్యాయి. దానికి ఎడమవైపు ఒక్కటే స్టిక్. దాంతో గేమ్‌లో మనిషిని నడిపించొచ్చు. మరి కెమెరాను తిప్పేదెలా? టీవీకి కనెక్ట్ చేసే పెద్ద కన్సోల్స్‌లో ఆ పని కుడి చేతి స్టిక్ చేస్తుంది. ఇక్కడ అది లేదు.

ఈ తిప్పలు కొత్తేం కాదు. అంతకుముందు సోనీ పీఎస్పీలోనూ ఒకటే స్టిక్ ఉండేది. అందులో 'మాన్‌స్టర్ హంటర్' ఆడేవాళ్లు ఎడమ బొటనవేలితో నడుస్తూ, అదే చేతి చూపుడువేలిని కొక్కెంలా వంచి పైనున్న బాణం బటన్లతో కెమెరా తిప్పేవారు. గంటసేపు అలా ఆడితే వేళ్లు పట్టేసేవి. మన దగ్గర బీజీఎంఐ ఆడేవాళ్లు నాలుగు వేళ్లతో వేసే 'క్లా' పట్టు గుర్తుందా..? ఇంచుమించు అదే బాధ.

టీవీ రిమోట్ టెక్నిక్

2011 డిసెంబర్ 10న, 'మాన్‌స్టర్ హంటర్ 3జీ' గేమ్ విడుదలైన రోజే సర్కిల్ ప్యాడ్ ప్రో కూడా జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ధర 1,500 యెన్లు. అమెరికాలో 2012 ఫిబ్రవరిలో సుమారు 20 డాలర్లకు అమ్మారు.

ఇది ఓ ప్లాస్టిక్ తొట్టి లాంటిది. 3డీఎస్‌ను అందులో కూర్చోబెట్టాలి. కుడివైపు రెండో స్టిక్, పైన అదనపు బటన్లు వస్తాయి. వైర్ లేదు, బ్లూటూత్ లేదు. కన్సోల్ వెనకున్న ఇన్‌ఫ్రారెడ్ కిటికీ ద్వారా సిగ్నల్ వెళ్తుంది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. కన్సోల్ నుంచి కరెంటు తీసుకోదు కాబట్టి దీనికి విడిగా ఒక ట్రిపుల్ ఏ బ్యాటరీ వేయాలి. రిమోట్‌లో వేసే సన్న సెల్లే!

చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుంది?

పట్టు మాత్రం బాగుంటుంది. 3డీఎస్ సన్నగా, అంచులు గుచ్చుకునేలా ఉంటుంది. ఈ తొట్టిలో పెడితే అరచేతికి నిండుగా ఆనుతుంది. కాకపోతే జేబులో పట్టే వస్తువు కాస్తా బ్యాగులో పెట్టుకోవాల్సిన వస్తువైపోతుంది. పైగా కుడి స్టిక్ అసలు బటన్లకు అవతలి పక్కన ఉంటుంది. కెమెరా తిప్పే బొటనవేలు దాడి బటన్ నొక్కాలంటే ప్రతిసారీ లోపలికి చాచాలి. చేతులు చిన్నగా ఉన్న పిల్లలకు ఇది ఇబ్బందే.

సరే, పట్టు కుదిరింది. అసలు చిక్కు మాత్రం గేమ్ దగ్గరే వస్తుంది. ఈ యాడ్-ఆన్ కోసం ముందే కోడ్ రాసి ఉంటేనే గేమ్ దాన్ని గుర్తిస్తుంది. లేదంటే రెండో స్టిక్‌ను ఎంత తిప్పినా స్క్రీన్ మీద ఏమీ కదలదు. 'రెసిడెంట్ ఈవిల్ రెవలేషన్స్' బాగా వాడుకుంది. నడుస్తూనే ఇంకో చేత్తో గురిపెట్టొచ్చు. 'కిడ్ ఐకరస్ అప్‌రైజింగ్' వాడుకున్న తీరే వేరు. అందులో ఒక చేత్తో పెన్ను పట్టి గురిపెట్టాలి, ఇంకో చేత్తో స్టిక్ తిప్పాలి. స్టిక్ ఎడమవైపే ఉండటంతో ఎడమచేతి వాటం వాళ్లకు కష్టం. వాళ్ల కోసం కుడి స్టిక్‌తో నడిచే వీలు కల్పించారు, అంతే. కెమెరా తిప్పుకోవచ్చని కొన్నవాళ్లకు అక్కడ నిరాశే మిగిలింది.

మాన్‌స్టర్ హంటర్ టీమ్ కూడా యాడ్-ఆన్ లేనివాళ్లను వదిలేయలేదు. కింది టచ్ స్క్రీన్ మీద కెమెరా బటన్లు ఇచ్చింది. ఒక్క బటన్ నొక్కితే కెమెరా పెద్ద మృగం వైపు తిరిగే ఏర్పాటూ చేసింది. నిజం చెప్పాలంటే చాలామందికి అది సరిపోతుంది.

కొన్న కొద్ది నెలలకే..

2012 జులైలో పెద్ద స్క్రీన్‌తో 3డీఎస్ ఎక్స్ఎల్ వచ్చింది. పాత తొట్టిలో అది పట్టదు. కన్సోల్ మార్చినవాళ్లు యాడ్-ఆన్ కూడా మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 2014 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలైన 'న్యూ 3డీఎస్'లో చిన్న సీ-స్టిక్, అదనపు బటన్లు కన్సోల్‌లోనే ఇచ్చేశారు. సర్కిల్ ప్యాడ్ ప్రో కోసం రాసిన గేమ్స్ వాటితో నేరుగా నడుస్తాయి. అయితే ఆ సీ-స్టిక్ రబ్బరు బొడిపెలా ఉంటుంది. పెద్దగా కదలదు, వేలితో ఒత్తిడి ఇవ్వాలి. హాయిగా తిప్పే విషయంలో పాత తొట్టి స్టిక్కే మెరుగు.

ఫోన్‌లోనూ ఇదే లెక్క

ఇప్పుడు ఫోన్‌కు రెండు రకాలు దొరుకుతున్నాయి. అంచుకు క్లిప్పులా పెట్టే ట్రిగ్గర్లు మీ వేలికి బదులు స్క్రీన్‌ను తాకుతాయి. గేమ్‌కు అవి ఉన్నట్టే తెలియదు కాబట్టి సపోర్ట్ గొడవ ఉండదు. రెండు వైపులా బిగించే కంట్రోలర్లు అలా కాదు, వాటిని గేమ్ గుర్తించాలి. 'కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్' కంట్రోలర్లను గుర్తిస్తుంది. 'జెన్‌షిన్ ఇంపాక్ట్' అయితే ఏళ్ల తరబడి ఐఫోన్‌లో గుర్తించింది, ఆండ్రాయిడ్‌లో గుర్తించలేదు. ఒకే గేమ్, ఒకే కంట్రోలర్.. ఫోన్ మారితే కథ మారింది! అందుకే డబ్బు పెట్టేముందు మీ ఫోన్‌లో మీ గేమ్ సెట్టింగ్స్ తెరిచి కంట్రోలర్ ఆప్షన్ ఉందో లేదో చూసుకోండి.

ఇక 3డీఎస్ తయారీ 2020లోనే ఆగిపోయింది, ఇప్పుడు ఎక్కువగా దొరికేవి సెకండ్ హ్యాండే. ఎవరైనా సర్కిల్ ప్యాడ్ ప్రో అమ్ముతుంటే అది మామూలు సైజుదా, ఎక్స్ఎల్‌దా అని అడగండి. బ్యాటరీ మూత తీసి లోపల తుప్పు పట్టిందేమో చూడండి. ఏళ్ల తరబడి సెల్ అందులోనే వదిలేసిన పీసులు చాలానే ఉంటాయి.