కాలు మళ్లీ మళ్లీ ఎందుకు బెణుకుతుంది?

మల్బరీ ఆకు మోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచేవాళ్లు, గ్రానైట్ క్వారీల్లో రాళ్ల మధ్య అడుగులేసేవాళ్లు, బెంగళూరు రైలు ఎక్కడ తప్పిపోతుందోనని పరుగులు పెట్టేవాళ్లు... కుప్పం ప్రాంతంలో ఎవరిని కదిపినా ఒక మాట వినిపిస్తుంది. ‘ఎప్పుడో ఒకసారి కాలు బెణికింది. అప్పట్నుంచీ అదే కాలు మాటిమాటికీ మెలిక పడుతోంది’ అని. నొప్పి పోయింది, వాపు తగ్గింది. మరి మళ్లీ మళ్లీ ఎందుకు?

బెణికినప్పుడు మనవాళ్లు ‘నరం ఇలికింది’ అంటారు. నిజానికి సాగిపోయేది నరం కాదు, లిగమెంట్. రెండు ఎముకల్ని కలిపి కట్టే గట్టి పట్టీ అది. అయితే తమాషా ఏమిటంటే, ఊళ్లో వాళ్ల మాటలోనూ కొంత నిజముంది. లిగమెంట్ నిండా సన్నటి నరాల కొసలుంటాయి!

తాడే కాదు, తంతి కూడా

పాదం లోపలికి ఒరిగిందనుకోండి. చీలమండ బయటివైపు లిగమెంట్ బిగుసుకుంటుంది. అందులోని నరాల కొసలు ఆ కబురును వెన్నుపాముకు చేరవేస్తాయి. మెదడు అనుమతి కోసం ఆగకుండానే, పాదాన్ని బయటికి లాగే పిక్క పక్క కండరాలకు ఆదేశం వెళ్లిపోతుంది. వేడి పెనం తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసినట్లే. మోకాల్లోనూ ఇదే ఏర్పాటు. ముందువైపు క్రూసియేట్ లిగమెంట్ మీద భారం పడితే తొడ వెనక కండరాలు బిగుసుకుని దానికి సాయం వస్తాయని అమెరికాలో సోలొమోనో బృందం 1987లో చూపింది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ ప్రతిస్పందన ఎంత వేగమైనా, పడబోయే కాలిని కాపాడటానికి చాలాసార్లు చాలదు. చీలమండ మెలిక పడినప్పుడు కండరం కదలడం మొదలయ్యేసరికే 60-80 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. దానికి బలం పుంజుకోవడానికి ఇంకొంత సమయం కావాలి. క్రీడాకారిణులు మోకాలు దెబ్బతీసుకున్న వీడియోలను నార్వే పరిశోధకులు పరిశీలించి 2010లో ఒక సంగతి చెప్పారు. పాదం నేలకు తాకిన సుమారు 40 మిల్లీసెకన్లలోనే లిగమెంట్ తెగిపోతోందట!

అందుకే కండరాలు ముందే సిద్ధంగా ఉండాలి. లిగమెంట్ అసలు పని అదేనన్నాడు స్వీడన్ శాస్త్రవేత్త హాకన్ యోహాన్సన్. ప్రమాదం వచ్చాక కేకపెట్టడం కాదు, ప్రతి అడుగులోనూ కబుర్లు పంపుతూ కండరాలను వీణ తీగల్లా సరైన బిగువులో ఉంచడం. బెణికితే ఆ కబుర్లు తప్పుతాయి. తాడు అతుక్కున్నా తంతి సరిగా పలకదు.

ఇంగ్లండ్ వైద్యుడు మైకేల్ ఫ్రీమన్ 1965లోనే దీన్ని పసిగట్టాడు. బెణికిన కాళ్లతో వచ్చినవాళ్లను ఊగే చెక్కల మీద నిలబెట్టి సాధన చేయించాడు. అలా చేసినవాళ్లలో కాలు పట్టుతప్పడం బాగా తగ్గింది.

మన వైపు దెబ్బ తగిలితే పుత్తూరు కట్టు గుర్తుకొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. ఆస్పత్రి పట్టీ అయినా, ఆ కట్టు అయినా, కదలకుండా పట్టి ఉంచడం వరకే. విప్పాక కండరాలకు మళ్లీ పాఠం చెప్పాలి. మనం వదిలేసేది సరిగ్గా అదే. కూలి పోతుందని నొప్పి తగ్గిన మర్నాడే పనికి పోతారు. వాళ్లను తప్పు పట్టలేం గానీ, రెండోసారి బెణికితే పోయే కూలి ఇంకా ఎక్కువ.

పుల్లెల గోపీచంద్ మోకాలి క్రూసియేట్ లిగమెంట్ 1994 పుణె జాతీయ క్రీడల్లో తెగింది. ఆ మోకాలితోనే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలి ఆపరేషన్ చేయించుకుని, మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. ఆపరేషన్ బల్ల మీదే ఆట తిరిగి రాదు. ఆ తర్వాత నెలల తరబడి సాధన ఉంటుంది.

గోడ పక్కనే సాధన

ఇంట్లో చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. వాపు తగ్గి, కాలి మీద బరువు మోపగలిగాక గోడ పక్కన ఒంటికాలి మీద అర నిమిషం నిలబడండి. తేలికైపోతే కళ్లు మూసుకుని. అప్పుడు తెలుస్తుంది, అంతకుముందు కళ్లు ఎంత సాయం చేశాయో! ఆ తర్వాత మడిచిన దుప్పటి మీద. పిల్లలెవరైనా బంతి విసురుతుంటే పట్టుకుంటూ నిలబడితే ఇంకా మంచిది. రోజూ కొద్ది నిమిషాలు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. పెద్ద వయసువాళ్లు మాత్రం పట్టుకోవడానికి ఆసరా లేకుండా చేయొద్దు.

ఆటలాడే పిల్లలకు దూకడమే కాదు, దిగడమూ నేర్పాలి. మోకాళ్లు కాస్త వంచి, లోపలికి వాలిపోకుండా, చప్పుడు లేకుండా దిగాలి. ఇలాంటి కసరత్తులతో రూపొందించిన ‘ఫిఫా 11 ప్లస్’ను నార్వేలో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల చేత చేయిస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

బెణికిన వెంటనే నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ప్రాణం తీస్తున్నా ఇంటి వైద్యం వద్దు. ఎక్స్‌రే తీయించాలి. కుప్పంలోనే పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. పట్టీ విప్పే రోజున, ‘ఇక ఏ కసరత్తులు చేయాలి?’ అని డాక్టరును అడిగి మరీ రండి.