మడమ నొప్పికి షాక్‌వేవ్ వైద్యం

ఫజర్‌కు లేచి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు పోటు. వజూ చేసేసరికి కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే బాధ. మన ఇళ్లలో 40 దాటిన ఆడవాళ్ల నోట, రోజంతా నిలబడే దుకాణదారుల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది.

మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పొర ఒకటి ఉంటుంది. అధిక బరువు, గంటల తరబడి నిలబడటం, బండల మీద ఉత్తకాళ్లతో నడక, బిగుసుకున్న పిక్కలు దాన్ని మడమ దగ్గర దెబ్బతీస్తాయి. ఎక్స్‌రేలో ముల్లులాంటి ఎముక కనిపిస్తే నేరమంతా దాని మీదే మోపుతారు గాని, ఏ నొప్పీ లేనివారి మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది. నమాజులో కుడి పాదం నిలబెట్టి వేళ్లు వంచి కూర్చున్నప్పుడు సాగేది ఈ పొరే. కలుక్కుమంటే వీలైన రీతిలో కూర్చునే వెసులుబాటు ఉండనే ఉంది.

షాక్‌వేవ్ అనగానే కరెంటు పెడతారని చాలామంది హడలిపోతారు. అది కరెంటు షాక్ కాదు. శబ్దం వంటి ఒత్తిడి తరంగాలు. మూత్రపిండాల్లో రాళ్లను కోత లేకుండా పగలగొట్టడానికి 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో వీటిని తొలిసారి మనిషి మీద వాడారు. ఆ యంత్రం చేసింది విమానాల కంపెనీ డోర్నియర్ కావడం విశేషం! మడమ నొప్పికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతించింది. ఇక్కడ మాత్రం పగలగొట్టేదేమీ లేదు. ముల్లును పొడి చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. పాతబడిన గాయాన్ని కదిలించి, అక్కడ రక్తప్రసారం పెంచి, మానే పనిని మళ్లీ మొదలుపెట్టిస్తాయని వైద్యుల వివరణ.

మడమకు జెల్ రాసి, పరికరాన్ని నొప్పి ఉన్నచోట ఆనించి విడతకు సుమారు 2,000 తరంగాలు పంపుతారు. 10-15 నిమిషాల పని. సాధారణంగా వారానికొకటి చొప్పున 3 నుంచి 5 విడతలు. సుత్తితో టకటక కొట్టినట్టుంటుంది, నొప్పీ ఉంటుంది. నడిచే ఇంటికి రావచ్చు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

అందరికీ పనిచేస్తుందా అంటే, లేదు. 2002, 2003లలో వెలువడిన రెండు పరిశోధనలు ఉత్తుత్తి చికిత్సకంటే మేలేమీ లేదన్నాయి. 2008లో మరొకటి మేలు చూపింది. కనుక తొందర వద్దు. మంచం దిగకముందే కాలు ఒళ్లోకి తీసుకుని వేళ్లను వెనక్కి లాగి 10 అంకెలు లెక్కపెట్టండి. అలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఇంట్లోనూ మెత్తటి చెప్పులు తొడగండి. చాలామందికి కొన్ని నెలల్లో ఇంతటితోనే తగ్గుతుంది.

ఆరు నెలలైనా తగ్గకపోతే అప్పుడు ఎముకల డాక్టరును షాక్‌వేవ్ గురించి అడగండి. గర్భిణులకు ఇది చేయరు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎన్ని విడతలో, మొత్తం ఖర్చెంతో కూడా మొదటిరోజే తేల్చుకోండి.