గుడి ఒక్కటే కాదు తమ్మీ, చెరువు గూడ వారసత్వమే

మొన్న మా ఊరి పోరగాళ్లు, ఆడపిల్లలు పన్నెండు మందిని తీస్కొని రామప్ప పోయిన. గుడి కాడ సెల్ఫీలు మస్తు దిగిండ్రు, రీల్స్ తీసిండ్రు. తప్పేం లేదు. తర్వాత చెరువు కట్ట మీదికి తీస్కపోయి ఒక్కటే అడిగిన: "గీడ కనవడే చెట్లు, పిట్టలల్ల పదింటి పేర్లు చెప్పుండ్రి." ఐదు దాటలే. పక్కన మేకలు కాసే అవ్వ నవ్వుకుంట ఇరువై దాక చెప్పింది. ఏ ఆకు మేక తింటది, ఏ కూర ఏ కాలంల మొలుస్తది, అన్నీ చెప్పింది. అవి ఇయ్యాల్టి దాక ఏ పుస్తకంల ఎక్కలే.

రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు ఎందుకొచ్చింది? నీళ్లల్ల తేలే ఇటుకలు, ఇసుక పునాది, శిల్పాలు అంటం. నిజమే. కని యునెస్కో రాతల ఇంకో ముచ్చట గూడ ఉన్నది. 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిన ఈ గుడి అడవి అంచున, పొలాల నడుమ, కాకతీయుల చెరువు దగ్గర ఉన్నది. గుట్ట, అడవి, చెరువు, పొలం అన్నిట్ల కలిసేటట్టే కట్టిండ్రు అని. మొక్కేటోడు, మొక్కనోడు, చేపలు పట్టేటోడు, పొలం పారిచ్చేటోడు, అందరిది ఆ జాగ.

బతుకమ్మనే చూడుండ్రి. గునుగును ఎవ్వరు సాగు చెయ్యరు. చేన్లల్ల, గట్ల మీద దానంతట అదే మొలుస్తది. కలుపు మందు కొట్టుడు మొదలైనంక తక్కువైతున్నది. ఇప్పుడు ఊర్లల్ల గూడ కొనుక్కొచ్చి పేరుస్తున్నరు. జమ్మి మన రాష్ట్ర చెట్టు అని పరీక్షలకు బట్టీ పట్టినం. మన ఊర్లె ఎన్ని జమ్మి చెట్లున్నయంటే మాత్రం నోరు లేవది.

దీనికి చట్టమే ఉన్నది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీల జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె. అది ఊరోళ్లను అడిగి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్' రాయాలె. ఊరి చెట్టు, చేప, విత్తనం, పశువు, వాటి మీద పెద్దోళ్లకున్న ఇగురం, అన్నీ అండ్ల ఎక్కాలె. మా పంచాయతీల అడిగితే బీరువాల నుంచి తీసిండ్రు. పక్క ఊరి పేరు కొట్టేసి మా ఊరి పేరు రాసి ఉన్నది. లేని చెట్లు ఉన్నయ్, ఉన్న చేపలు లేవు. ఎవ్వర్ని అడగకుండ రాస్తే గట్లనే ఉంటది.

అదే చట్టం కింద సర్కారు ఒక జాగను జీవవైవిధ్య వారసత్వ స్థలంగ ప్రకటించొచ్చు. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువుకు 2016ల ఆ గుర్తింపు వచ్చింది. కబ్జాల లొల్లి, మురికినీళ్ల లొల్లి అయినా ఆగలే. ఉత్త కాగితం కాపాడది, దాన్ని పట్టుకొని అడిగేటోళ్లు కావాలె.

ఆ అడిగేటోళ్లు మీరే. ముందుగాల పంచాయతీ కార్యదర్శిని రిజిస్టర్ సూపియ్యమనుండ్రి. సూపియ్యకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టుండ్రి. నెలకో ఐతారం ఒక్కటే జాగకు పోండ్రి. మీ ఊరి చెరువు, పాత గుడి, దర్గా, ఖిల్లా, ఏదైనా సరే. ఒక పెద్దమనిషిని వెంట తీస్కపోండ్రి. ఫొటో తియ్యుండ్రి, ఊరి పేరు, కాలం, వాడుక రాయుండ్రి. మనం ఏం పిలుస్తమో అదే పేరు రాయాలె. శాస్త్రం పేరు తర్వాతైనా దొరుకుతది. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటి యాప్‌లల్ల ఎక్కిస్తే గుర్తువట్టేటోళ్లు సాయం చేస్తరు.

ఒక్కటి యాదుంచుకోండ్రి. మూలికల మందు ముచ్చట చెప్పినోళ్లను అడగకుండ వీడియో పెట్టొద్దు. అది వాళ్ల ఇగురం, ఊరి సొత్తు. కంపెనీలు మన మూలికలతోని యాపారం చేస్తే లాభంల పాలు ఇయ్యాలని చట్టంల ఉన్నది. రిజిస్టర్ల సక్కగ లేకుంటే ఏం సూపిచ్చి అడుగుతం? ఆర్నెల్లకోసారి మీరు రాసింది గ్రామసభల సదివి, రిజిస్టర్ల ఎక్కియ్యమని పట్టువట్టుండ్రి.

రామప్ప నుంచి వచ్చిన తెల్లారి ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మా నాయనమ్మకు పదిహేడు రకాల కూరాకులు తెలుసట. పొన్నగంటి, గంగవాయిలి, దొగ్గలి... నేను మూడే తిన్న." ఇయ్యాల్నే కూసొని రాసుకో అన్న.